నల్లద్దం అవతల

మూలుగు కాదు, గొంతు సవరించుకున్నాడంతే, అనుకున్నాడు జోగారావు, పడుకున్నవాడు పడుకున్నట్టే తల మాత్రం పక్కకి తిప్పి. అవతలి మంచం మీద మల్లేశం గోడవైపు తిరిగి మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకున్నాడు. బనీను వీపుకి అతుక్కుపోయి ఉంది. చెమట. చెమటకేం, ఈ గదిలో ఎవరికైనా పడుతుంది, ఒక్క కిటికీ లేదు, ఉన్నదల్లా పైన ఎక్కడో గొట్టంలో హోరుమనే ఫ్యాను, అదీ వాళ్ళకి బుద్ధిపుడితే తగ్గుతుంది, వాళ్ళకి బుద్ధిపుడితే పెరుగుతుంది. మళ్ళీ అదే చప్పుడు. ఈసారి ఇంకా చిన్నగా, పళ్ళ మధ్య నలిగి, ఎవరికీ వినిపించకూడదన్నట్టు. వినిపించకూడదన్నట్టు వినిపించేలా చెయ్యడం, అదీ పనితనమంటే. సరే కానివ్వు నాయనా, ఎంతసేపు ఆడతావో నేనూ చూస్తాను. పెద్ద లైటు ఆరిపోయి నీలం బల్బు వెలుగుతోంది కాబట్టి ఇది రాత్రి. రాత్రి అంటే వాళ్ళు రాత్రి అనుకోమన్నది. గడియారాలు మొదటిరోజే తీసేసుకున్నారు. గడ్డం ఎంత పెరిగిందో తడిమి చూసుకుని లెక్కకట్టబోతే, క్షవరం సామాను కూడా వాళ్ళకి తోచినప్పుడే లోపలికి పంపిస్తారు, ఇక ఏ లెక్క నిలుస్తుంది?

కళ్ళు సగం మూసి ఎదురుగోడలోని అద్దం వంక చూశాడు. బల్ల వెడల్పున్న నల్లద్దం. అటునుంచి చూసేవాళ్ళకి ఇటు అంతా కనిపిస్తుంది, ఇటునుంచి చూస్తే మన మొహమే మనకి కనిపిస్తుంది, అదీ నీళ్ళలో మునిగిన మనిషి మొహంలా. అవతల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారని డాక్టర్ నాగేశ్వరి ముందే చెప్పింది. సన్నటి మనిషి, కళ్ళజోడు, మెత్తటి మాట. "ముందు ముందు మనుషులు నెలలకొద్దీ, ఏళ్ళకొద్దీ అంతరిక్షంలో ఉండాల్సొస్తుందండీ జోగారావు గారూ. బరువు తెలియని చోట ఎముకలు పల్చబడతాయి, కండ కరిగిపోతుంది, దానికి మందో వ్యాయామమో వెతికేవాళ్ళు వేరే ఉన్నారు. నేను వెతికేది మనసు సంగతి. ఇద్దరు ముగ్గుర్ని ఒక డబ్బాలో పెట్టి మూతవేస్తే వాళ్ళ మధ్య ముందుగా ఏది చెడుతుంది? అది తెలిస్తే, చెడకుండా ఏం చెయ్యాలో చూడొచ్చు." మనవాడొకడు రష్యావాళ్ళ నౌకలో వెళ్ళొచ్చి అప్పటికి రెండేళ్ళు, రోదసి అన్న మాట కిరాణా కొట్లో కూడా వినిపిస్తున్న రోజులు. జోగారావుకి ఒళ్ళు పులకరించింది. డబ్బా అంటే ఏ ఉక్కు గోళమో అనుకున్నాడు. తీరా తీసుకొచ్చింది ఎల్బీ నగర్‌కి కాస్త ఇవతల, ఎర్రరంగు పూసిన ప్లాట్ల రాళ్ళ మధ్య ఒంటరిగా నిలబడ్డ కోల్డ్ స్టోరేజీకి. బత్తాయిల కోసం ఎవరో కట్టారట, ఒక్క బత్తాయీ పెట్టకుండానే మూతపడింది. బారెడు మందం గోడలు, చప్పుడు రాదు, వెలుగు రాదు. హైదరాబాదులో ఇంతకన్నా మంచి నౌక దొరకదని నాగేశ్వరి నవ్వింది. ఆ నవ్వుని అప్పుడు నమ్మాడు.

నమ్మినందుకు దొరికింది పొగ. అప్పటికి లోపల ముగ్గురు, ఇప్పుడు ఖాళీగా ఉన్న మూడో మంచం మీద వెంకటేశ్వరరావు అనే టైపిస్టు ఉండేవాడు. ఒక నీలం బల్బు వేళ అదీ ఆరిపోయింది, ఫ్యాను ఆగిపోయింది, రబ్బరు కాలుతున్న వాసన. చీకట్లో బల్లకి మోకాలు కొట్టుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళి, తలుపు పక్కనున్న ఎర్ర గంట నొక్కింది జోగారావే. లైట్లు టక్కున వెలిగాయి. గోడలోని స్పీకరు లోంచి అదే మెత్తటి గొంతు, "కంగారుపడకండి, ఇది పరీక్ష మాత్రమే. ఆపదలో మీరెలా ఉంటారో చూశాం. చాలా సంతోషం." ఎవరికమ్మా సంతోషం? మోకాలు వాచిపోయింది. వెంకటేశ్వరరావు అద్దం ముందు నిలబడి తిట్టాడు, తిట్టీ తిట్టీ అలిసిపోయాడు, కొన్నాళ్ళకి తలనొప్పి అంటూ తనే గంట నొక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు వీళ్ళిద్దరి మొహం చూడలేదు. ఎందుకు చూడలేదు? అప్పుడు జోగారావుకి గుర్తొచ్చింది, పొగ వచ్చిన వేళ వెంకటేశ్వరరావు కాళ్ళకి చెప్పులున్నాయి. పడుకున్న మనిషి కాళ్ళకి చెప్పులెందుకుంటాయి, లేవాల్సొస్తుందని ముందే తెలియకపోతే? అతను వాళ్ళ మనిషి. ఆ తిట్లు కూడా వాళ్ళు రాసిచ్చినవే. అతను వెళ్ళాక స్పీకరు చెప్పింది, "మిగిలిన ఇద్దరూ కొనసాగవచ్చు. ఇంకొకరు గంట నొక్కితే ప్రయోగం అక్కడితో ముగిసినట్టే." ఒకడు వాళ్ళ మనిషి అయినప్పుడు రెండోవాడు మాత్రం ఎందుకు కాకూడదు?

ఆ రెండోవాడు ఇప్పుడు కాళ్ళు చాపబోయి చాపలేక మళ్ళీ ముడుచుకున్నాడు. మంచం కిర్రుమంది.

"మల్లేశం."

"ఆఁ సార్."

"ఏమైంది?"

"ఏం గాలే సార్. జర గ్యాస్ పట్టింది. నువ్వు పండుకో."

పండుకోవాలట. ఆ మాట అనడంలో ఎంత ఒడుపు. నొప్పి అని కేకలు వేస్తే ఎవడైనా కనిపెట్టేస్తాడు, ఏమీ లేదంటూ చెమటలు పోసుకుంటే కదా ఎదుటివాడి గుండె కరిగేది. అసలు ఈ మల్లేశం ఎవరు? ఇక్కడివాడే. ఇక్కణ్ణుంచి నాగోల్ దారిదాకా వాళ్ళ ఇంటి భూములే ఉండేవట, అన్నీ ప్లాట్లయిపోయాయి. లోపలికొచ్చిన మొదటిరోజు గోడ మీద అరచెయ్యి పెట్టి తనే చెప్పాడు, "గీడ మా మక్కజొన్న ఉండె సార్." అంటే ఈ చోటు అతనికి తెలుసు. పాదాల కింద నేల సన్నగా అదిరినప్పుడల్లా జోగారావు ఏదో యంత్రం పెట్టి తమ నరాల ఓపిక కొలుస్తున్నారనుకునేవాడు, మల్లేశం మాత్రం కాలు నేలకి ఆనించి, "బోరేస్తున్నరు సార్, జనం దిగుతున్నరు గద, నీళ్ళు గావాలె" అనేవాడు. కిటికీ లేని గదిలో బయట బోరు వేస్తున్నారని ఎట్లా తెలుస్తుంది మనిషికి, బయటి మనిషి చెప్పకపోతే? "గిప్పుడు అన్నం ఒస్తది" అంటాడు, అన్న కాసేపటికే గోడలోని చిన్న తలుపు తెరుచుకుని పళ్ళేలు వస్తాయి. ఒకసారి కాదు, చాలాసార్లు. నువ్వెందుకొచ్చావయ్యా ఇందులోకి అనడిగితే ఏమన్నాడు? "భూమి పోయినంక పనేముంది సార్. ఇంట్ల కూసుంటే మా ఇంటామె ఆండాలు మొఖం జూడ బుద్ధిగాదు. మా చిన్నాయన తాన ఈ జాగా కిరాయికి అడగనీకి ఒచ్చిన డాక్టరమ్మ నన్ను జూసి, నువ్వొస్తవా అన్నది. ఒస్తనన్న." అదీ సంగతి. డాక్టరమ్మే చూసి, డాక్టరమ్మే పిలిచింది. తననైతే పత్రికలో ప్రకటన చూసి వచ్చినవాడని మూడుసార్లు పిలిపించి రక్తం తీసి, పిచ్చి ప్రశ్నలన్నీ అడిగి గానీ తీసుకోలేదు. పైగా మల్లేశం తిరిగి అడగడం ఒకటి, "మరి నువ్వెందుకొచ్చినవ్ సార్?" ఒకసారైతే పలకరింపు. అన్నిసార్లా?

ఎందుకొచ్చాడు తను? దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల కొట్టు మేడమీద ట్యుటోరియల్ కాలేజీ, ఇంటర్ తప్పినవాళ్ళకి భౌతికశాస్త్రం, రోడ్డు మీద బస్సు హారను మోగినప్పుడల్లా సూత్రం మధ్యలో ఆగి, హారను ఆగాక మళ్ళీ మొదలు. కృష్ణ దాటి వచ్చింది దీనికా అనిపించేది. సాయంత్రాలు అలా ఎల్బీ నగర్ వైపు నడిచేవాడు, నడిచిన ప్రతిసారీ పొలం కాస్త వెనక్కి జరిగేది, రాయి మీద కొత్త పేరు పుట్టుకొచ్చేది, దేవుడి పేరో పోయిన నాయకుడి పేరో, దాని చివర కాలనీ. చీకటి పడేసరికి ఇంకా కరెంటు రాని ఆ ఖాళీ ప్లాట్ల మీద నక్షత్రాలు బాగా కనిపించేవి, తను చదివిన చదువంతా అక్కడే ఉన్నట్టుండేది, అందనంత దూరంలో. నాగేశ్వరి ఒక మాట అంది, పూర్తిచేసినవాళ్ళలో తగినవారుంటే తర్వాతి ప్రయోగానికి సహాయకుడిగా తీసుకుంటామని. మనసులో ఆ మాటనే నములుతూ బతుకుతున్నాడు ఇక్కడ. ఆ మాట భార్య కుసుమకుమారికి చెప్తే, "వెళ్ళండి, కానీ ఎవరినో ఒకరిని అనుమానించకుండా అన్నాళ్ళు ఎలా ఉంటారో అదే నా దిగులు" అంది నవ్వుతూ. ఇంటివాళ్ళ మీటరు తమ కరెంటే తాగుతోందనీ, ఆటోవాడు చుట్టూ తిప్పుతున్నాడనీ, కూరగాయల ముసలమ్మ తక్కెడ కింద వేలు పెడుతోందనీ, రోజూ ఏదో ఒకటి. "మీకిది జబ్బు కాదండీ, తోడు. అది పక్కన లేకపోతే మీకు నిద్రపట్టదు." చైతన్యపురి వాటాలో, వంటింటి గడప మీద కూర్చుని ఆ మాటన్నప్పుడు ఆమె చేతులకి శనగపిండి అంటి ఉంది. ఆ పిండి వాసన ఇప్పుడు ముక్కుకి తగిలినట్టయింది. కాదు. పుల్లటి వాసన.

మల్లేశం మంచం అంచు మీదికి వంగి కింద ఉన్న బేసిన్‌లోకి కక్కుకున్నాడు. ఏమీ లేదు, పచ్చటి నీళ్ళు. జోగారావు లేచి కూర్చున్నాడు, లేచాడుగానీ ముందుకి వెళ్ళలేదు. గొంతులోకి వేలు పెట్టుకుంటే ఎవరికైనా వస్తుంది. మల్లేశం కుడిచేతి వేళ్ళ వంక చూశాడు, తడిగా ఉన్నాయా? నీలం వెలుగులో తెలియలేదు. అవతల అద్దంలో తన మొహం తనకి కనిపించింది, ఒక మనిషి కక్కుకుంటుంటే వాడి వేళ్ళ వంక చూస్తున్న మొహం. ఆ మొహం వెనకాల వాళ్ళున్నారు. రాసుకుంటూ ఉంటారు. కదల్లేదు అని రాస్తారా, తొణకలేదు అని రాస్తారా? ఇదే ఉద్యోగానికి పరీక్ష అయితే సరైన జవాబేది? గంట నొక్కితే పిరికివాడు, పొగకి మోసపోయినట్టే మూలుగుకీ మోసపోయినవాడు, ఇలాంటివాణ్ణి పక్కన పెట్టుకుని ఏ ప్రయోగం చేస్తాం అంటారు. నొక్కకపోతే రాతిగుండె. అన్నిటికన్నా బలమైన రుజువు ఒకటుంది. వాళ్ళు చూస్తున్నారు. వాళ్ళలో డాక్టరుంది. నిజంగా నొప్పే అయితే ఈపాటికి ఆ తలుపు తెరుచుకోవాలి కదా? తెరుచుకోలేదు. కాబట్టి నొప్పి లేదు. లెక్క పాఠంలా ఒక వరస కింద ఇంకో వరస, చివర ‘రుజువైనది’ అన్న మాట. అయినా కళ్ళు ఎర్ర గంట వైపే వెళ్తున్నాయి.

"గంట నొక్కమంటావా?" అన్నాడు గట్టిగా, మల్లేశంతో కన్నా అద్దంతో.

"ఒద్దు! ఒద్దు సార్, నీకు దండం బెడ్త." మల్లేశం తల అడ్డంగా ఊపాడు. "బైటికి పంపుతరు. ఊర్లె మొఖమెట్ల జూపియ్యాలె? వానితోని ఏ పనీ గాదని ఇప్పటికే అంటున్నరు. ఓర్సుకుంట. పొద్దుగాలకల్ల తగ్గుతది."

వాళ్ళ మనిషే అయితే గంట నొక్కు అనాలి, నొక్కించి ఓడించాలి. ఒద్దంటున్నాడు. కానీ ఒద్దంటే ఎదుటివాడు ఒప్పుకుని ఊరుకుంటాడా లేదా అన్నదే కొలవదలచుకుంటే? అప్పుడు ఒద్దనే అంటాడు. ఎటు తిప్పినా సరిపోతోంది. ఏ మాట అన్నా, దాని వ్యతిరేకం అన్నా, రెండూ ఒకే చోటికి తీసుకొస్తున్నాయి. ఇలా ప్రతిదానికీ సరిపోయే లెక్కని తను క్లాసులో ఒప్పుకునేవాడా? ఏ కుర్రాడైనా ఇలా రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవాడు. ఆ ఆలోచన వచ్చింది, వచ్చి ఆగలేదు, జారిపోయింది, ఎందుకంటే అప్పుడే మల్లేశం మెల్లగా కాళ్ళు చాపి, పెద్దగా ఊపిరి వదిలి, "తగ్గింది సార్" అన్నాడు. "మస్తు హల్కగైంది. పండుకో ఇగ."

చూశావా! జోగారావుకి నవ్వొచ్చింది. పైకే నవ్వాడు, అద్దంకేసి చూసి నవ్వాడు. తను కదలకపోయేసరికి ఆట కట్టేశారు. అవతల నాగేశ్వరి కలం మూసి కుర్చీకి ఆనుకుని ఉంటుంది, ఈ మనిషి మనకి పనికొస్తాడు అనుకుంటూ ఉంటుంది. దుప్పటి లాక్కుని పడుకున్నాడు. కళ్ళు మూసుకుంటే ట్యుటోరియల్ మెట్లు దిగిపోతున్నాడు, కింద చెప్పుల కొట్టువాడికి ఇక రానని చెప్తున్నాడు, కుసుమకుమారి చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుంటూ వస్తోంది, నిజమా అంటోంది, నిజమే అంటున్నాడు. ఫ్యాను హోరు. నేల అదురు. ఇంకేం చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేదు. మల్లేశం నిద్రపోయాడంటే గురకపెట్టాలి, లోపలికొచ్చిన రోజు నుంచీ ఆ గురకతో వేగుతూనే ఉన్నాడు. గురక లేదు. మెలకువగా ఉంటే చిన్నగా ఏదో పాడుకుంటాడు. పాట లేదు. జోగారావు కళ్ళు తెరిచి తల ఎత్తాడు.

మల్లేశం మళ్ళీ గోడవైపు తిరిగి ఉన్నాడు. రెండు చేతులతో తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉన్నాడు. భుజాలు వణుకుతున్నాయి. చప్పుడు బయటికి రాకుండా తువ్వాలుని కొరుకుతున్నాడు, అద్దానికి వీపు పెట్టి, తనకి వీపు పెట్టి, ఎవరూ చూడని ఆ ఒక్క గోడకి మొహం పెట్టి. జోగారావు లేచి కూర్చున్నాడు. ఆడేవాడు చూసేవాళ్ళ వైపు తిరుగుతాడు. చూసేవాళ్ళు లేని వైపు తిరిగి ఎవడూ ఆడడు. మొదటినుంచీ ఇతను అటే తిరిగి ఉన్నాడు, ఆ వీపునే చూస్తూ తను ఇంతసేపూ దానికో మొహం తగిలించి కథలల్లుకున్నాడు. ఒక్క ఉదుటున వెళ్ళి భుజం పట్టి ఇటు తిప్పాడు. బూడిదరంగు మొహం, ఎండిన పెదాలు. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కబల్ల మీద వేసినట్టుంది, వేడి అరచేతికి తగిలింది.

"ఎప్పట్నించి ఇలా ఉంది? మల్లేశం! ఎప్పట్నించి?"

మల్లేశం కళ్ళు జోగారావు మొహం మీద నిలిచాయి. ఆ కళ్ళల్లో ఉన్నది నొప్పి ఒక్కటే కాదు, భయం. తనని చూసి భయం. తనని చూసి ఎందుకు? అది ఆలోచించే వ్యవధి లేదు. పరుగెత్తి ఎర్ర గంట నొక్కాడు, నొక్కిన వేలు తియ్యకుండా అలాగే పట్టుకున్నాడు.

స్పీకరు గరగరమంది. "జోగారావు గారూ, మీ మంచం దగ్గరికి వెళ్ళండి. మేము చూస్తూనే ఉన్నాం."

"చూస్తుంటే రారేమండీ? మనిషి చచ్చిపోతున్నాడు!"

"చూస్తున్నామండీ. దయచేసి కూర్చోండి."

ఎంత మెత్తటి గొంతు. ఆ మెత్తదనం విన్నాక ఒక్క క్షణం మళ్ళీ ఆ పాత పురుగు లోపల కదిలింది, ఇంత నిబ్బరంగా చెప్తోందంటే ఇదీ పరీక్షేనేమో, తను ఓడిపోయాడేమో. పరీక్షే అయితే? అయితే ఏమవుతుంది? తను వెర్రివాడవుతాడు. అంతే. వెర్రివాడవడం తప్ప ఇంకేమీ కాదు. పుట్టినప్పటినుంచీ ఆ ఒక్కటీ కాకుండా ఉండడానికేనా ఇన్ని మీటర్లూ ఇన్ని తక్కెళ్ళూ కనిపెట్టుకుని చూసింది? కాళ్ళు వాటంతట అవే బల్ల దగ్గరికి నడిచాయి. ఇనప స్టూలు ఎత్తాడు. నల్లద్దంలో తన మొహం ఎదురొచ్చింది, దాని మీదే కొట్టాడు. పగల్లేదు. స్టూలు చేతిలో ఝుమ్మంది. మళ్ళీ కొట్టాడు. అడ్డంగా ఒక చీలిక. "జోగారావు గారూ!" అంది స్పీకరు, ఈసారి మెత్తగా కాదు. ఇంకోసారి ఉన్న బలమంతా పెట్టి కొట్టేసరికి అద్దం పెళ్ళలు పెళ్ళలుగా అవతలికి కూలింది.

అవతల చిన్న గది. ఒక టేబుల్ ఫ్యాను, మూత తీసిన టిఫిను గిన్నె, వెనక్కి పడిపోయిన కుర్చీ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డ నాగేశ్వరి. ఆమె వెనకాల తెరిచి ఉన్న తలుపు, ఆ తలుపు నిండా తెల్లగా మండుతున్న ఎండ. రాత్రి కాదు. మిట్టమధ్యాహ్నం.

ఆ తర్వాతవి ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. నాగేశ్వరి లోపలికి పరుగెత్తుకొచ్చి మల్లేశం పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించడం, ఆమె మొహంలో రక్తం ఒక్కసారిగా ఇంకిపోవడం. కాళ్ళ వైపు వాచ్‌మన్, తల వైపు తను. గడప దాటగానే వెలుగు కళ్ళలో కారం కొట్టినట్టు కొట్టింది, కన్నీళ్ళ లోంచి పక్క ప్లాటులో నిజంగానే బోరు లారీ, తెల్లటి బురద చిమ్ముతూ. కంకర రోడ్డు, సాగర్ వైపు వెళ్ళే బస్సు మీద గంపలు, దుమ్ము, డీజిలు వాసన. ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా ఇన్నాళ్ళూ, గోడకి ఇంత దగ్గరగా? ఆటోలో మల్లేశం తల తన ఒడిలో ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా అతని చెయ్యి తన చొక్కా పట్టుకుని నలిపేస్తోంది. "ఏ దవాఖానకు పోవాలె సార్?" అని ఆటోవాడు అరిచాడు, దగ్గర్లో ఏదుంటే అది, పోనీ అని తనూ అరిచాడు. ఆటో ఏ సందులోంచి పోతోందో చూడలేదు. మల్లేశం ఊపిరినే చూస్తూ కూర్చున్నాడు, ఒకటి వెళ్ళి ఇంకోటి వచ్చేదాకా.

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా దాటాక ఒక నర్సింగ్ హోము. పెద్ద డాక్టరు బయటికొచ్చి, అపెండిక్స్ పగిలిపోయిందనీ, వెంటనే కోసి శుభ్రం చెయ్యాలనీ, ఇంకాస్త ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదనీ చెప్పి లోపలికెళ్ళిపోయాడు. బెంచీ మీద ఆ చివర నాగేశ్వరి, ఈ చివర జోగారావు. అప్పుడు చూసుకున్నాడు చేతులు, అద్దం కోసుకుపోయి మోచేతిదాకా రక్తం ఎండిపోయి ఉంది. ఇంతలో వరండాలోకి ఒక ఆడమనిషి దాదాపు పరుగెత్తుతూ వచ్చింది, కబురు తెచ్చిన వాచ్‌మన్ ఆమె వెనకాల. ఎవరూ చెప్పకపోయినా ఆండాలని తెలిసింది.

"ఏడున్నడు?" అంది. ఆపరేషను జరుగుతోందని నాగేశ్వరి లేచి నిలబడి చెప్పింది. ఆండాలు ఆమె కళ్ళజోడులోకి సూటిగా చూసింది. "నువ్వు జూస్కుంట ఉంటనన్నవ్ గద డాక్టరమ్మా? పానానికేం గాకుంట అనుక్షణం జూస్తనన్నవ్."

"చూస్తూనే ఉన్నాను ఆండాలమ్మా," అంది నాగేశ్వరి.

ఆండాలు జోగారావు చేతుల వంక చూసింది, తన చీర అంచు నుంచి ఒక పీలిక చింపింది, ఎవరు నువ్వని అడక్కుండానే లోతుగా తెగిన చోట కట్టు కట్టి, పోయి గోడవారన కూర్చుంది. కట్టు బిగువు నొప్పిగా ఉంది. ఆ నొప్పి బాగుందనిపించింది జోగారావుకి.

చాలాసేపటికి నాగేశ్వరి నేలకేసి చూస్తూ మాట్లాడింది. "మీరు నన్ను అడగట్లేదు. అడిగితే బాగుండు. నేను పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాను జోగారావు గారూ. అతను ముడుచుకోవడం చూశాను. కక్కుకోవడం చూశాను. వెంకటేశ్వరరావు వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు, మీరు మమ్మల్ని పొగతో ఆడించారు, వాళ్ళిద్దరూ మిమ్మల్ని ఆడిస్తారు చూస్తూ ఉండండి అని. మీరు అద్దంకేసి చూసి నవ్వారే, అప్పుడు ఖాయం అనుకున్నాను. ఇద్దరూ కూడబలుక్కున్నారు, ఎంత బాగా నటిస్తున్నారు అనుకున్నాను." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అద్దానికి అవతల ఉన్నవాళ్ళకే ఈ అనుమానం జబ్బు వస్తుందనుకున్నాను."

ఎంత బాగా నటిస్తున్నారు. తన తలలో తిరిగిన మాటే, ఇంకో మనిషి నోట్లోంచి అలాగే వచ్చింది. ఆమెని తిట్టాలనుకున్నాడు జోగారావు. తిట్టాలంటే ముందు తననే తిట్టుకోవాలి. "అదే అక్కడ, రోదసిలో జరిగితే?" అన్నాడు చివరికి, వరండా కప్పుకేసి చూపించి.

"అక్కడ ఆటో దొరకదు," అంది నాగేశ్వరి. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "నాకు తెలియాల్సింది తెలిసింది. లేని ప్రమాదాన్ని పుట్టించి భయపెట్టాను చూడండి, మీ అందరికీ జబ్బు అంటించింది అదే. ఇక ఎక్కడా ఎవరికీ అలా చెయ్యను, చెయ్యనివ్వను. పైనుంచి ఒకడు నొప్పి అంటే కింద ఉన్నవాళ్ళు ముందు నమ్మాలి, కొలతలు తర్వాత. నా రిపోర్టులో మొదటి మాట అదే." ఉద్యోగం ఊసు ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

తెల్లవారాక లోపలికి రానిచ్చారు. వరుసగా మంచాలు, ఫినాయిలు వాసన, పెద్ద కిటికీలోంచి నీరెండ. మల్లేశం ముక్కుకి గొట్టం, చేతికి సెలైను, మొహం సగమైపోయింది. ఆండాలు మందులకి కిందికెళ్తూ, "జర ఈడనే ఉండు అన్నా" అని స్టూలు చూపించింది. జోగారావు కూర్చున్నాడు. మల్లేశం కళ్ళు తెరిచి అతన్ని చూసి, కొంచెంసేపటికి గుర్తుపట్టాడు.

"సార్, ఒకటి అడుగుత, నిజం జెప్పాలె. నువ్వు వాళ్ళ మనిషివేనా?"

"నేనా?"

"నిద్రల రోజు డాక్టరమ్మ పేరు దీస్కొని మాట్లాడ్తవ్ గద. నాగేశ్వరి గారూ, నేను చెయ్యగలనండీ, నన్ను జూడండి అనుకుంట. నా మీద రాసిస్తున్నవనుకున్న. గందుకే ఎందుకొచ్చినవని అన్నిసార్లు అడిగింది." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "రెండు దినాల సంది నొస్తనే ఉండె. నీకు జెప్తే రాస్కుంటవ్, నన్ను ఎల్లగొడ్తరని చెప్పలే."

జోగారావు స్టూలు ముందుకి జరుపుకున్నాడు. ఆ భయం అర్థమైంది, నిన్న ఆ కళ్ళల్లో తనని చూసి వణికిన భయం. ఒక గదిలో ఇన్నాళ్ళు, పక్కపక్కనే పళ్ళేలు పెట్టుకుని తింటూ, ఒకరి గురక ఒకరు వింటూ. "కాదు మల్లేశం," అన్నాడు. "నేను ఎవరి మనిషినీ కాను. నువ్వే వాళ్ళ మనిషివనుకున్నాను నేను. నీకు నొప్పి వస్తుంటే చూస్తూ పడుకున్నాను."

మల్లేశం కళ్ళు పెద్దవి చేశాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాడు జోగారావు, రావాల్సిందే అనుకున్నాడు. "నేనా? వాళ్ళ మనిషినా?" అని మల్లేశం నవ్వబోయి, కుట్లు లాగి, అమ్మా అని పొట్ట పట్టుకున్నాడు. "నవ్వియ్యకు సార్. కుట్లు ఊడ్తయ్."

తర్వాత అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు అట్టకట్టి ఉన్నాయి. "నీళ్ళు," అన్నాడు. నీళ్ళు ఇవ్వకూడదు, దూది తడిపి పెదాలు తుడవండి చాలు అని నర్సు చెప్పి వెళ్ళింది. జోగారావు గిన్నెలో దూది ముంచి, పిండి, కట్టు కట్టిన చేత్తోనే అతని మొహం మీదికి వంగాడు. తడి పెదవికి తగిలీ తగలగానే, అదేమిటని గానీ ఎవరని గానీ చూడకుండా, కళ్ళు మూసుకునే, మల్లేశం నోరు తెరిచాడు.